నక్షాలో లేని వాడ జీఐఎస్‌లో ఉంటదా?

పాత పటానికీ జీఐఎస్‌కూ తేడా ఏమిటని అడిగితే పాఠ్యపుస్తకాలూ శిక్షణ తరగతులూ ఒకే జవాబు చెబుతాయి. కాగితం మీది పటం కదలదు, కంప్యూటర్‌లోది కదులుతుంది. పటానికి ఒకటే స్కేలు, జీఐఎస్‌లో ఎంత కావాలంటే అంత దగ్గరికి పోయి చూడొచ్చు. పటంలో అన్నీ ఒకే కాగితం మీద ఇరుక్కుంటాయి, జీఐఎస్‌లో చెరువులొక పొర, రోడ్లొక పొర, పొలాలొక పొర. పటం గీసేది మనిషి కాబట్టి తప్పులుంటాయి, యంత్రంలో తప్పుకు తావు తక్కువ. ఈ జవాబులో అబద్ధం పెద్దగా లేదు. కాని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాడల్లో నిలబడి చదివితే ఇందులో మన ప్రశ్న ఒక్కటీ లేదని తెలుస్తుంది. పటం మీద ఉన్నదాన్ని యంత్రం ఎంత బాగా చూపిస్తదన్నది వాళ్ల ప్రశ్న. పటం మీదికే రానివాళ్ల సంగతేమిటన్నది మన ప్రశ్న.

జీఐఎస్ అంటే బొమ్మ ఒక్కటే కాదు. అది గీతకూ పట్టికకూ వేసిన ముడి. తెర మీద ఒక పొలం మీద వేలు పెడితే దాని వెనక ఒక వరుస తెరుచుకుంటది: నంబరు, విస్తీర్ణం, యజమాని, నేల రకం, పంట. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ మొదటిసారి ఇట్లాంటి వ్యవస్థను తయారు చేసింది కూడా దేశంలో ఏ భూమి దేనికి పనికొస్తదో లెక్కగట్టడానికే. ప్రభుత్వం తన భూమిని లెక్కపెట్టుకునే అవసరంలోంచే ఈ యంత్రం పుట్టింది. ఆ పుట్టుక గుర్తుంచుకుంటే చాలా సంగతులు అర్థమవుతయి.

అయితే గీతకూ పట్టికకూ ముడి వెయ్యడం కంప్యూటర్ నేర్పిన విద్య కాదు. నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ హయాంలో, 1870లలో, బొంబాయి పద్ధతి ననుసరించి సర్వే సెటిల్‌మెంటు మొదలైనప్పుడే ఈ జంట మన ఊళ్లకొచ్చింది. ఒక్కో సర్వే నంబరు కొలతలతో టిప్పన్, ఊరంతటికీ నక్షా, నంబర్ల వారీగా సేత్వార్, ఏటేటా రాసే పహాణీ. నక్షాలో నంబరు చూసి పహాణీ తిప్పితే పట్టాదారెవరో, సాగుచేసేదెవరో, ఏ పంట ఉందో తెలిసేది. జీఐఎస్ చేసేపని ఇదే. అప్పుడు పేజీలు తిప్పేది పట్వారీ.

కొలత ఎట్లా జరిగేదో ఒకసారి చూద్దాం. గొలుసు పొడవు 33 అడుగులు, దాన్ని 16 అణాలుగా భాగించేవాళ్లు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. 40 గుంటలు ఒక ఎకరం. ఇప్పటికీ మన జిల్లాల్లో భూమి మాట గుంటల్లోనే నడుస్తున్నది. ఈ గొలుసు కాగితం మీద నడవలేదు. రాళ్లల్లో, తుమ్మకంపల్లో, మోకాలిలోతు బురదలో దాన్ని మోసి లాగాలి. హద్దురాయి ఎక్కడుందో చూపాలి, మట్టి తవ్వి బయటికి తియ్యాలి. సర్వే వస్తుందని దండోరా వెయ్యాలి. ఈ పనులు సేత్‌సింధీల మీద, మస్కూరీల మీద, వెట్టి మాల మాదిగల మీద పడ్డయి. మహారాష్ట్రలో హద్దు తగాదా వస్తే మహారు మాట సాక్ష్యంగా చెల్లేది. ఆ మహారుకు దక్కింది వతన్ పేరుతో కట్టుబానిసత్వం. దాన్ని మార్చడానికి అంబేడ్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టవలసి వచ్చింది. మన దగ్గరా అంతే. ఊరి హద్దులన్నీ తెలిసినవానికి ఆ హద్దుల్లో భూమి లేదు. పాత నక్షాల చరిత్ర రాసినవాళ్లు సాలార్‌జంగ్ పేరు రాశారు, తాలూక్‌దార్ల పేర్లు రాశారు. గొలుసు లాగినవాళ్ల గురించి రాయలేదు.

ఇక ఆ నక్షాలో ఏముంది? సర్వే నంబర్లున్నయి, చెరువు, వాగు, బావి, బండ్లబాట ఉన్నయి. మనుషులుండే జాగా మటుకు గ్రామకంఠం. చుట్టూ ఒక గీత, లోపల ఖాళీ. లోపల ఊరెక్కడ, వాడెక్కడ అన్నది లేదు. శిస్తు వచ్చేది పొలాల నుంచి గనక ఇండ్లతో సర్కారుకు పనిలేదని సర్దిచెప్పుకోవచ్చు. ఫలితం మటుకు ఇది: ఊళ్లో ప్రతి మనిషికీ తెలిసిన గీత, బతుకునంతా రెండుగా కోసిన గీత, ఊరికీ వాడకూ నడుమ గీత, నక్షాలో లేనే లేదు. వాడ నుంచి శ్మశానానికి పోయే దారి కూడా చాలాచోట్ల లేదు. ఆ దారి ఎవరో ఒకరి పట్టా చేనుగట్టు మీంచి పోతది. చేను అమ్ముడుపోయినప్పుడు దారి మూతపడుతది. శవాన్ని భుజాన పెట్టుకుని కొత్త యజమానితో బతిమాలుకోవలసి వస్తది. నక్షా తెచ్చి చూపెడితే అతనిదే గెలుపు.

లావుణి పట్టాల సంగతి దీనికన్నా ఘోరం. సర్కారు మిగులు భూమిలోంచి దళితులకు ఎకరమో రెండెకరాలో ఇచ్చామన్నారు. కాగితం మీద సర్వే నంబరు రాసి పక్కన 'పైకి' అని రాశారు. పైకి అంటే ఆ నంబరులో కొంత భాగం అని. ఏ భాగం? తూర్పా పడమరా? గుట్టవైపా వాగువైపా? ఆ కొలత వెయ్యకుండా చాలాచోట్ల అట్లాగే వదిలేశారు. ఒక నంబరు కింద పదిమందికి కాగితాలిచ్చి నక్షాలో ఒక్క గీతా గియ్యలేదు. చేతిలో పట్టా ఉంటది, నేల మీద జాగా ఉండదు. అసైన్డ్ భూమిని కొనడం, అమ్మడం చెల్లదని 1977లో చట్టమొచ్చింది. హద్దే లేని భూమిని కొనకుండానే కలుపుకోవచ్చు గదా! పక్క ఆసామి గట్టు ప్రతి ఏడూ రెండు సాళ్లు లోపలికి జరుగుతది. కొలవడానికి సర్వేయరు వస్తే టిప్పన్ లేదంటడు.

నక్షాలో ఏదో న్యాయం ఉండేదని, కంప్యూటర్ వచ్చి చెడగొట్టిందని మేం అనడం లేదు. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలున్నాయని సాయుధ పోరాట చరిత్రలు రాశాయి. ఆ ఎకరాలన్నీ నక్షాలూ పహాణీలూ ఉన్న కాలంలోనే అతని చేతికి వచ్చాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుభూమి తగాదా కూడా దున్నేదెవరు, రికార్డులో ఉన్నదెవరు అన్న తగాదాయే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు పడిపోయినప్పుడు ఆ పోరులో ఈ రికార్డు కూడా ఉన్నది.

కాని పాత పట్టికలో ఒక సందు ఉండేది. పహాణీలో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. పట్వారీ లంచం తిన్నా, దొరకు భయపడ్డా, కొన్ని ఊళ్లలో కొన్ని ఏండ్లు ఆ రెండో గడిలో దున్నేవాని పేరు పడేది. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు హక్కు అడిగినవాళ్లు, 1955 ఇనాం రద్దు చట్టం కింద తమ భూమి తమదన్నవాళ్లు, సాదా బైనామా మీద కొనుక్కున్నవాళ్లు కోర్టుల్లో ఆ గడిని పట్టుకునే నిలబడ్డారు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కోసం జనం ఇప్పటికీ తిరిగేది అందుకే.

గడి అనే మాటకు తెలంగాణలో ఇంకో అర్థం ఉన్నది, అది అందరికీ తెలిసిందే. దొరగడిలోకి చెప్పులతో పోలేకపోయిన మనిషి పహాణీ గడిలోకి మటుకు ఎప్పుడో ఒకప్పుడు దూరగలిగాడు. 2017లో సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా భూరికార్డుల ప్రక్షాళన చేసి, తగాదాలు లేనివి 'ఎ' భాగం, ఉన్నవి 'బి' భాగం అన్నారు. 2018 మే నుంచి రైతుబంధు డబ్బు పట్టాదారు పుస్తకం ఉన్నవాని ఖాతాలో పడింది, కౌలుకు చేసేవానికి పడలేదు. 2020లో కొత్త హక్కుల చట్టం వచ్చింది, అక్టోబర్ 29న ధరణి తెరిచారు. అందులో అనుభవదారు గడి లేదు. దీనికి ఉపగ్రహం అక్కర్లేకపోయింది, జీఐఎస్ నిపుణుడు అక్కర్లేకపోయింది. పట్టిక తయారుచేసేవాడు ఒక నిలువు గీత చెరిపేశాడు. దున్నేవాడు అబద్ధమని ఎవరూ తీర్పు చెప్పలేదు. రాసుకునే చోటు లేకుండా చేశారు. 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతినాడు, దాని స్థానంలో భూభారతి తెచ్చారు. భూదార్ సంఖ్య, రిజిస్ట్రేషన్‌కు నక్షా జతచెయ్యడం అందులో ఉన్నాయి. ఇప్పుడు గీత, పట్టిక నిజంగానే ఒక్కటి కాబోతున్నాయి. అందుకే ఈ చర్చ ఇప్పుడు చెయ్యాలి.

ఎందుకంటే యంత్రానికి కొన్ని పట్టుదలలున్నాయి. భూమి పటం గియ్యాలంటే ప్రతి ముక్కా మూసుకున్న గీత అయి ఉండాలి. ఒక ముక్క ఇంకో ముక్క మీదికి ఎక్కరాదు, నడుమ సందు మిగలరాదు. అట్లా ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పు కింద చూపించి సరిచెయ్యమంటది. నేల మీద జీవితం అట్లా ఉండదు. పొద్దున ఒకరి చేను, కోత అయ్యాక అందరి గొర్లకు మేత. ఇద్దరికి తగాదా ఉన్న ముక్క యంత్రం దృష్టిలో తప్పు, మన దృష్టిలో వాస్తవం. పాత నక్షాను స్కాన్ చేసి ఉపగ్రహచిత్రం మీద పరిస్తే గట్లు కలవవు. కాగితం కుంచించుకుని ఉంటది, గొలుసు సాగి ఉంటది, గట్టు జరిగి ఉంటది. అప్పుడు నాలుగు గుర్తులు పట్టుకుని నక్షాను రబ్బరులాగా సాగదీసి చిత్రానికి సరిపెడతారు. ఈ పనికి గంభీరమైన పేర్లున్నయిగాని జరిగేది ఇదే. గట్టు జరిగింది ఆక్రమణ వల్లనా, కాగితం వల్లనా అన్నది సాగదీసేవానికి తెలియదు. నేడు కనబడే గట్టుకే నక్షాను కలిపితే ఏటేటా జరిగిన ఆ రెండు సాళ్లు సక్రమమై కూర్చుంటయి.

జనగామవైపు శిఖం భూముల్ని చూస్తే ఇంకో చిక్కు బయటపడుతది. చెరువులో నీళ్లు తగ్గుతుంటే బయటపడే ఒండ్రునేలలో వాడవాళ్లు జొన్నో, పుచ్చో, కూరగాయలో వేసుకుంటారు. ఆ నేల అక్టోబర్‌లో చెరువు, మార్చిలో చేను. పాత నక్షాలో చెరువుకు ఒకే గీత. జీఐఎస్ అనుకుంటే నెలకో గీత గియ్యగలదు, పన్నెండు పొరలు పెట్టగలదు. పాఠ్యపుస్తకం మెచ్చుకునే 'కదలిక' నిజంగా పనికొచ్చేది ఇక్కడే. కాని అధికారులు పెట్టేది నిండు చెరువు మట్టం గీత ఒక్కటే. దాని లోపల ఉన్న ప్రతివాడూ ఆక్రమణదారే. చెరువు కబ్జాచేసి వెంచర్ వేసినవాడూ, నీళ్లు పోయాక నాలుగు నెలలు సొరపాదు పెట్టుకున్నవాడూ ఒకే రంగులో కనబడతారు. చెయ్యగల యంత్రం చేతిలో ఉండి చెయ్యకపోవడాన్ని సాంకేతిక లోపం అనడానికి వీల్లేదు.

మహబూబాబాద్ జిల్లాకు పోదాం. గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం మండలాల్లో పోడు తగాదా ఎన్నో ఏండ్లది. 2006 అటవీహక్కుల చట్టం 2005 డిసెంబర్ 13ను గడువు తేదీగా పెట్టింది. ఆ తేదీకి ముందు నుంచి సాగులో ఉన్నారా లేదా అన్నది తేల్చడానికి ఉపగ్రహచిత్రాలు చూస్తామన్నారు. ఇక్కడ కొంచెం లెక్క చెయ్యాలి. 1988లో పైకి పంపిన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహంలో ఒక కెమెరాకు చిత్రంలో ఒక చుక్క 72.5 మీటర్ల చదరం, అంటే ఎకరం 12 గుంటలు. రెండోదానికి 36.25 మీటర్లు, అంటే 13 గుంటలు. 1995 నాటి ఐఆర్ఎస్-1సి లిస్-3 కెమెరాకు 23.5 మీటర్లు, అంటే అయిదున్నర గుంటలు. ఒక చుక్కకు ఒకే రంగు ఉంటది. పది గుంటల చెలక ఉన్నవాని బతుకంతా రెండు చుక్కలు. చుట్టూ చెట్లుంటే ఆ రెండూ ఆకుపచ్చలో కలిసిపోతయి. 2003లో 5.8 మీటర్ల రంగుచిత్రాలు, 2005లో 2.5 మీటర్ల చిత్రాలు వచ్చిన మాట నిజమే. అవి గడువు తేదీ దగ్గరి సంగతి చెప్తయి. అంతకుముందు ఇరవై ఏండ్ల సాగు సంగతి చెప్పవు.

భారత అటవీ సర్వే సంస్థ లెక్కలో హెక్టారుకు మించిన నేల మీద చెట్ల నీడ పది శాతం దాటితే అది అడవి. యజమాని ఎవరైనా, వాడకం ఏదైనా సరే. హెక్టారంటే దాదాపు రెండెకరాల 19 గుంటలు. అంతకన్నా చిన్న ముక్క ఆ పటంలో విడిగా రాదు. పోడు చేనులో ఇప్పచెట్టును, తునికిచెట్టును కొట్టకుండా ఉంచుకునేవాని చేను పైనుంచి అడవిలాగా కనబడుతది. మొత్తం నరికి చదును చేసినవాని చేను చేనులాగా కనబడుతది. చెట్టును కాపాడినవాడు సాక్ష్యం పోగొట్టుకుంటడు.

ఇంతా జేసి చట్టం ఈ చిత్రాల్నే పట్టుకోమనలేదు. ఉపగ్రహచిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు, వాటి స్థానంలోకి రాకూడదని 2012లో సవరించిన నిబంధనలు చెప్తున్నయి. 2013లో గుజరాత్ హైకోర్టు కూడా ఇదే చెప్పింది. పెద్దల వాంగ్మూలం చెల్లుతది, పాతబావి చెల్లుతది, శ్మశానం చెల్లుతది. గ్రామసభ ముందు నిలబడి ముసలామె చెప్పేమాటకు, ఆకాశంలో తిరిగే కెమెరాకు చట్టం ముందు తక్కువ ఎక్కువలు లేవు. ఆఫీసులో మటుకు రంగుచిత్రం గోడమీద ఉంటది, ముసలామె గుమ్మం బయట ఉంటది.

దళితులకు ఇందులో ఇంకో మెలిక ఉంది. షెడ్యూల్డ్ తెగలు కానివాళ్లు 'ఇతర సాంప్రదాయ అటవీ నివాసులు'. వాళ్లు గడువు తేదీకి మూడుతరాల ముందు నుంచి, అంటే 75 ఏండ్లుగా, అడవిలో ఉంటూ అడవి మీద ఆధారపడ్డట్టు చూపాలి. లెక్క వెనక్కి పోతే 1930 డిసెంబర్. అమెరికావాళ్ల మొదటి ల్యాండ్‌శాట్ పైకి పోయింది 1972లో. చట్టం అడిగే కాలానికీ ఉపగ్రహం చూసిన కాలానికీ నడుమ 42 ఏండ్ల చీకటి ఉంది. ఆ చీకట్లో ఉన్నదంతా వెట్టిచాకిరి చేసిన మనుషుల జ్ఞాపకం, డప్పు కొట్టినందుకు ఇచ్చిన మాన్యం పేరు, సమాధుల వరుస. వాటిని పొరగా ఎక్కించమని ఎవరూ అడగలేదు. 2023 జూన్ 30న మొదలుపెట్టి పోడుపట్టాలు పంచినప్పుడు అవి గిరిజనులకే అందాయి. ఈ మాట ఆదివాసీల మీద ఫిర్యాదుగా అనడం లేదు. 1/70 మీద చెయ్యి వెయ్యాలని మేం కోరడం లేదు. కోయలనూ లంబాడాలనూ మాల మాదిగలనూ ఒకరి మీదికొకరిని ఉసిగొలిపే పటం గీసేవాడు మనందరికీ శత్రువే. మేం అడిగేది, చట్టంలో ఉన్న రెండో హక్కుదారుకు పట్టికలో వరుస ఎందుకు ఉండదని.

భూపాలపల్లిలో పొరలమాట వింటే బొగ్గుబావుల్లో పనిచేసినవాళ్లకు నవ్వొస్తది. గని సర్వేయర్లు పైనేల పటం ఒకటి, కిందిబావి పటం ఒకటి గీసి, ట్రేసింగ్ బట్ట మీద వేసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకునేవాళ్లు. ఏ ఇంటి కింద ఏ పొర బొగ్గు తవ్వుతున్నారో అట్లానే తెలిసేది. ఓపెన్‌కాస్టు వచ్చాక పైపొరే మాయమైంది. పేలుళ్లకు 500 మీటర్ల ప్రమాద పరిధి ఉంటది. జీఐఎస్‌లో ఆ పరిధి గియ్యడం క్షణం పని. అయితే దేని నుంచి కొలుస్తున్నాం? చిన్న స్కేలు పటాల్లో ఊరంటే ఒక చుక్క. ఆ చుక్క గుడి దగ్గరో, పంచాయతీ ఆఫీసు దగ్గరో పడుతది. వాడ ఊరికి ఒక పక్కకు, చాలాసార్లు పల్లానికి, ఇప్పుడు గోతివైపుకు ఉంటది. చుక్క నుంచి కొలిస్తే ఊరు భద్రం. చివరి ఇంటి నుంచి కొలిస్తే లెక్క మారుతది. నష్టపరిహారమూ అంతే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి లేని కూలీలు, కౌలుదార్లు కూడా మూడేండ్లుగా ఆ భూమి మీద బతికి ఉంటే బాధిత కుటుంబాలే. వాళ్లను పొలం గీత మీద వేలుపెట్టి పట్టుకోలేం. వాళ్లకు గీత లేదు, ఒక పేరు ఉంటది, ఒక కూలి ఉంటది. పట్టికలో ఆ గడి పెట్టకపోతే ఎంత ఖరీదైన డ్రోన్ ఎగరేసినా కనబడరు.

అయితే యంత్రాన్ని తిట్టి కూర్చుందామా? 1899లో అచ్చయిన తన ఫిలడెల్ఫియా అధ్యయనం కోసం డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ నల్లజాతివాళ్లున్న ఏడో వార్డులో ఇల్లిల్లూ తిరిగి, ఒక్కో ఇంటి స్థితిని రంగుల్లో పటంగా గీశాడు. కంప్యూటర్ లేదు. గీత వెనక పట్టిక ఉంది, ఆ పట్టికలో ఏ గడి ఉండాలో నిర్ణయించినవాడు ఆ జనంలోవాడు. మాకు తెలిసి జీఐఎస్‌కూ పాత పటానికీ ఉన్న తేడా గురించి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

2025లో నక్షాలు లేని గ్రామాలు కొన్ని ఎంచుకుని ప్రయోగంగా రీసర్వే చేశారు. లైసెన్సు సర్వేయర్లకు శిక్షణ ఇచ్చారు. గొలుసు బదులు రోవర్ వచ్చింది. అది సెంటీమీటర్ల దాకా పలుకుతది. విద్యార్థులు చేతిలో ఫోను పట్టుకుని కొలుస్తామని ఉత్సాహపడుతుంటారు, మంచిదేగాని దాని పరిమితి తెలియాలి. ఫోనుకు అయిదు మీటర్ల అటూఇటూ పోవడం మామూలే. పది గుంటల చెలక దాదాపు 32 మీటర్ల చదరం. ఒక పక్క అయిదు మీటర్లు జరిగితే గుంటన్నర పైనే పోతది. కాబట్టి గట్టు తగాదాకు ఫోను చాలదు. వాడ నుంచి శ్మశానానికి దారి, ఊరబావి, లావుణి పట్టా ఉన్నవాళ్లు నేడు దున్నుతున్న జాగా, శిఖంలో నెలనెలా సాగు, ఇవి గుర్తుపెట్టడానికి చాలు. పక్కనే చేతిరాత పట్టిక ఉండాలి: దున్నేదెవరు, ఎప్పటి నుంచి, ఎవరు చూశారు, తగాదా ఉందా. సర్వేయరు రోవర్ దింపకముందే అది గ్రామసభలో చదివి తీర్మానంలో ఎక్కించాలి. తర్వాత తెచ్చిన కాగితాన్ని అర్జీ అంటారు, అర్జీలు ఏమైతయో వాడలో అందరికీ తెలుసు.

సర్వే నోటీసు పట్టాదారుకే పోతది. దండోరా వేసేవాడు కూడా ఇప్పుడు లేడు, వాట్సాప్‌లో వస్తది. ఆ గ్రూపులో వాడ నుంచి ఎంతమంది ఉన్నారో మొదట లెక్కపెట్టండి.